లోకనాథం నూతి ఏడుపు

పలాస నుంచి వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే, జీడితోటల మధ్య గుల్లలపాడు అని ఒక ఊరు తగులుతుంది. ఊరికి దక్షిణాన, ఇసకదారి మలుపు తిరిగే చోట, గోడ వెంట లోపలికి మెట్లున్న ఒక రాతి నుయ్యి ఉంది. దాన్ని లోకనాథం నుయ్యి అంటారు.

ఇప్పుడు ఆ నూతి నిండా నీళ్ళే. ఆ నీళ్ళు తాగి కొబ్బరిమొక్కలు మనిషెత్తు దాటాయి. అయినా పొద్దుగూకాక ఆ మలుపు మీదుగా ఎవరూ నడవరు. తప్పనిసరై నడిచినా... మాట్లాడరు.

ఎందుకంటే ఆ నుయ్యి ఏడుస్తుంది.

రోజూ కాదు. సముద్రంలో వాయుగుండం పుట్టినప్పుడు, ఇంకా ఆకాశంలో మబ్బుతునక కూడా లేనప్పుడు — నూతి అడుగు నుంచి మగగొంతుతో ఒక మూలుగు లేస్తుంది. సన్నగా మొదలై, సాగి సాగి, ఊపిరి తెగినట్టు ఆగిపోతుంది. తిత్లీ తుపానుకి ముందు రోజంతా ఏడ్చిందట. తెల్లారేసరికి ఈ ఉద్దానం తోటల్లో నిలబడ్డ కొబ్బరిచెట్టు కనిపిస్తే ఒట్టు.

అప్పటికే ఆ నుయ్యి ఇద్దర్ని మింగి ఉంది.

నీళ్ళు అడుగంటిన నుయ్యి అది. అందుకని లోకనాథం ఆ నూతి అడుగునే బోరు దింపించి, పక్కన చిన్న గట్టు కట్టి, మోటారు కూడా లోపలే పెట్టించాడు. కొన్నాళ్ళకి బోరు పూడిపోయింది. ఎవడో తెలిసీ తెలియనివాడు వచ్చి, శుభ్రం చేస్తానని అందులో ఆసిడ్ పోసి పోయాడు. ఆ సాయంత్రమే మోటారు బిగించడానికి మెకానిక్ దిగాడు. దిగినవాడు లోపలి మోటారు గట్టు మీద అలాగే ఒరిగిపోయాడు. వాణ్ణి లేపుదామని లోకనాథం దిగాడు.

అతనూ లేవలేదు.

పైన నిలబడి చూస్తున్నది అతని భార్య రత్నాలమ్మ ఒక్కతే.

ఆ తర్వాత నుయ్యి ఏడవడం మొదలెట్టింది. పైన నూతిగట్టు పక్కన మేసే మేక ఒకటి లోపలికి తొంగిచూసి అలాగే జారిపడిందన్నారు. చేద తీసుకోడానికి దిగబోయిన ఒకడికి కళ్ళు తిరిగాయన్నారు. లోకనాథం తోడు కోసం పిలుస్తున్నాడని ఊరంతా ఒకటే మాట. నూతిని ఇసకతో పూడ్చేద్దామని పెద్దలు వచ్చారు. రత్నాలమ్మ గట్టు మీద కూర్చుంది. లేవలేదు. వాళ్ళే లేచి వెళ్ళిపోయారు.

ఇక ఢిల్లేశ్వరరావు సంగతి.

అతనిది టెక్కలి. పూడిపోయిన బోర్లకి ప్రాణం పోయడం అతని పని. ఒక పాత లారీ, దాని మీద కంప్రెషరు, పైపులు లేపే మూడుకాళ్ళ స్టాండు. తోడుగా అతని భార్య తమ్ముడు చిన్నారావు. కుర్రతనంలో ఢిల్లేశ్వరరావు ముంబయి అవతల సముద్రంలో నూనెబావుల దగ్గర పనిచేశాడు. అక్కడ సముద్రం అడుగున సున్నపురాయి. ఆ రాతి సందుల్లో నూనె ఉంటుంది, కానీ కదలదు. అప్పుడు బావిలోకి ఆసిడ్ పంపుతారు. ఆసిడ్ తగిలితే సున్నపురాయి నురుగు కక్కి కరుగుతుంది. చెద తొలిచినట్టు రాతిలో దారులు పడతాయి. ఆ దారులెంట నూనె నడిచి వస్తుంది.

గుల్లలపాడు ఇసక కింద కూడా అలాంటి రాయే. ఎప్పటి సముద్రమో వదిలిపోయిన గుల్లలు పేరుకుని, బిగిసి, రాయైపోయిన పొర. పని ఒకటే. కాకపోతే అక్కడ ఇంజనీర్లు, పెద్ద పంపులు. ఇక్కడ నీలం క్యాన్లు, పాత కంప్రెషరు, పైన దేవుడు.

రత్నాలమ్మ టెక్కలి వెతుక్కుంటూ వచ్చినప్పుడు చిన్నారావు లారీ చక్రం బిగిస్తున్నాడు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

"గుల్లలపాడు బాబూ. లోకనాథం నుయ్యి."

చిన్నారావు తలెత్తి నవ్వాడు. "అదేటి, దెయ్యం నుయ్యా?"

"మా ఇంటాయన నుయ్యి నాయనా" అంది రత్నాలమ్మ.

చిన్నారావు నవ్వు ఆగిపోయింది. స్పానరు కింద పెట్టి, లేచి, ఆమెకి కుర్చీ తెచ్చి వేశాడు.

ఆమె ఎక్కువ మాట్లాడలేదు. తుపాను తర్వాత పెట్టిన కొబ్బరిమొక్కలు ఎండిపోతున్నాయి. చుట్టుపక్కల బోర్లలో ఉప్పునీళ్ళు. ఈ ఒక్క నూతిలోనే తియ్యటి నీళ్ళు ఉండేవి. "నీల్లొత్తే మొక్కలు బతుకుతాయి. మొక్కలు బతికితే... జనం ఆయన్ని దెయ్యం అనడం మానీసి, నీల్లిచ్చినాయన అంతారు. అంతే బాబూ."

ఢిల్లేశ్వరరావు వెంటనే ఒప్పుకోలేదు. ఇద్దరు పోయిన నుయ్యి. అతనికి దెయ్యాలంటే నమ్మకం ఉందని కాదు, లేదనీ కాదు. కానీ ఆమె వెళ్ళిపోబోతూ ఇసక అంటిన కాళ్ళని చెప్పుల్లో దూర్చుకుంటుంటే, "వత్తాను అమ్మా" అనేశాడు.

వెళ్ళిన రోజు ఆకాశం అద్దంలా ఉంది. వాయుగుండం కట్టిందని, సముద్రంలోకి పోవద్దని మాత్రం పొద్దున్నే ఫోన్లకి కబుర్లు వచ్చాయి. ఆసిడ్ క్యాన్ల బండి పలాస రైలుగేటు దగ్గర ఇరుక్కుని ఆలస్యమైంది. పని మొదలెట్టేసరికి పొద్దు వాలింది.

నూతి మీద మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, గిలక కట్టి, పైనుంచే సన్నపైపు బోరులోకి దింపారు. ఎవరూ లోపలికి దిగలేదు. పైపులోంచి ఆసిడ్ వదిలారు.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత... కింద ఎక్కడో కుండలో ఎసరు మరిగినట్టు గుడగుడమని మొదలైంది. రాయి కరుగుతోంది. బోరు మూతి చుట్టూ తెల్లటి నురుగు లేచి, పువ్వులా విచ్చుకుంది.

రత్నాలమ్మ గట్టు మీద చెయ్యి ఆనించి వింటోంది.

ఢిల్లేశ్వరరావు ఆమెకి నెమ్మదిగా చెప్పాడు. "రాయి కరిగీటప్పుడు ఒక గాలి పుడతాదమ్మా. కంటికి అవుపడదు, వాసనుండదు. మన గాలికన్నా బరువు. నూతిలో నీల్లు నిలిసినట్టు నిలిసిపోతాది. అందులో దీపం ఎలగదు, మనిసి రెండు ఊపిర్లకి మించి తెలివిలో ఉండడు. మీ ఆయన్ని, ఆ మెకానిక్కుని చంపింది ఆ గాలే. దెయ్యం కాదు."

ఆమె తల ఊపింది.

"ఏడుపంతారా... అదీ అంతే. రాయంతా బొక్కలే కదా, లోపల బోలెడు గాలుంతాది. వాయుగుండం వచ్చినప్పుడు పైన గాలి పలసనైపోతాది. అప్పుడు లోపలిది బోరులోంచి బయటకి తన్నుకొత్తాది. పిల్లంగోవి ఊదినట్టు. నూనెబావుల కాడ పెద్దోల్లు సెప్పగా ఇన్నాను."

"అలగా" అంది రత్నాలమ్మ.

నూతిలోకి చూస్తూనే అడిగింది. "మరి నన్ను పేరెట్టి ఎందుకు పిలుత్తాది బాబూ?"

ఢిల్లేశ్వరరావు పైపు కీలు బిగుతుగా ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాడు.

పొద్దుగూకింది. ఆసిడ్ రాత్రంతా రాతిలో పని చేసుకోవాలి. పొద్దున కంప్రెషరుతో గాలి కొడితే మడ్డి అంతా బయటికి తోసుకొస్తుంది. బోరు మూతి మూయకుండా వదిలేశాడు, లోపల పుట్టిన గాలి పోవడానికి.

"రేపు గాలి కొట్టీదాకా ఎవులూ దిగకూడదు. ఇన్నావా?" అన్నాడు బావమరిదితో.

"నాకేటి పని బావ అందులోన" అన్నాడు చిన్నారావు. క్యాన్ల పక్కన టార్పాలిన్ పరుచుకుని పడుకున్నాడు. "నువ్వెల్లి అన్నం పట్టుకురా. దెయ్యం వత్తే కూకోమంతాను."

రత్నాలమ్మ ఇల్లు తోటలోనే, కేక వేస్తే వినపడే దూరం. ఆమె దీపం పెట్టి, అన్నం డబ్బాలో సర్దుతోంది. ఢిల్లేశ్వరరావు గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

అప్పుడు వినిపించింది.

మొదట సముద్రమనుకున్నాడు. కాదు. నూతి వైపు నుంచి... సన్నగా... ఒక మనిషి పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటున్నట్టు. అది సాగింది. పెరిగింది. ఆ మూలుగులో ఏవో మాటలున్నట్టే ఉంది, లేనట్టే ఉంది. ఇందాక తను చెప్పిన పిల్లంగోవి కబురు అతనికే గుర్తుకు రాలేదు. చేతిలో చెంబు అలాగే వంగి నీళ్ళు కారిపోతున్నాయి.

రత్నాలమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

మూలుగు ఆగింది. ఆగగానే ఇంకో గొంతు. చిన్నారావుది.

"ఎవులూ... ఎవులది లోన?"

మళ్ళీ మూలుగు.

"పడిపోయేవేటి? ఉండు... కంగారు పడకు. వత్తన్నాను."

ఢిల్లేశ్వరరావు చెంబు వదిలేసి పరిగెత్తాడు.

చిన్నారావుకి దెయ్యాలంటే నమ్మకం లేదు. అదే కొంప ముంచింది. నమ్మినవాడైతే ఆ గొంతు విని ఊళ్ళోకి పారిపోయేవాడు. అతనికి అది మూలుగు, అంతే. మనిషి మూలుగు. నూతిలో ఎవడో పడ్డాడు, తియ్యాలి. ఇంకేదీ తోచి ఉండదు.

గట్టు దగ్గర అతని చెప్పులున్నాయి. వాటి పక్కన ఫోను, లైటు వెలుగుతూనే ఉంది.

ఢిల్లేశ్వరరావు ఆ లైటు లోపలికి తిప్పాడు. కింద మోటారు గట్టు మీద చిన్నారావు పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. ఒక చెయ్యి నురుగులో ఉంది. ఇంకెవరూ లేరు.

"సిన్నారావూ..."

నూతి ఆ మాటని పట్టుకుని తిప్పి తిప్పి కిందపడేసింది. మనిషి కదల్లేదు.

అప్పటిదాకా తెలిసిందంతా ఢిల్లేశ్వరరావు బుర్రలోంచి తుడుచుకుపోయింది. గాలి లేదు, బరువు లేదు, లెక్క లేదు. కింద ఉన్నది తన చేతుల్లో పెరిగిన పిల్లడు. గట్టు దాటి మొదటి మెట్టు మీద కాలు పెట్టేశాడు.

వెనక నుంచి రెండు చేతులు నడుముని చుట్టేశాయి.

"ఒదులమ్మా."

"ఒదల్ను." ఆమె గొంతు పెద్దది కాలేదు. అతని వీపుకి ముఖం ఆనించి, చెవిలో చెప్పినట్టు చెప్పింది. "ఆయనా ఇలగే కాలెట్టీడు బాబూ. ఈ మెట్టు మీదే. ఎల్లమన్నాను నాను. బేగి ఎల్లమన్నాను... ఇంకోడిని ఎల్లనివ్వను."

"సచ్చిపోతాడమ్మా ఆడు."

"నువ్వు దిగితే ఇద్దరు పోతారు. నువ్వే సెప్పేవు. ఇంకేటైనా సెయ్యి. పనోడివి కదా... ఇంకేటైనా సెయ్యి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఢిల్లేశ్వరరావు కాలు వెనక్కి తీసుకున్నాడు.

లారీ దగ్గరికి ఉరికి కంప్రెషరు తిప్పాడు. పాత ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. గాలిగొట్టం లాక్కొచ్చి నూతిలోకి వదిలాడు. మంచిగాలి అడుగుకి దూసుకెళ్ళి కొట్టింది. ఏళ్ళ తరబడి కుళ్ళిన జీడాకులు, నురుగు, నీటితుంపర్లు అన్నీ ఒక్కసారి పైకి లేచాయి. నూతి నిండా తెల్లటి పొగమంచు. ఇక కిందది ఏమీ కనబడలేదు.

గిలక మీదుగా తాడు వదిలాడు. గాలిగొట్టం హోరులో అరిచాడు. "సిన్నారావూ, గాలొత్తన్నాది, పీల్సు. తాడొదిలేను. పట్టుకో... నడుంకి కట్టుకో."

జవాబు లేదు.

తాడు వదులుగా వేలాడుతోంది. రత్నాలమ్మ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తెల్లటి పొగలోకి చూస్తూ పెదాలు కదుపుతోంది. ఏం అంటోందో హోరులో వినపడలేదు. ఏ దేవుడికో మొక్కుకుంటోందనుకున్నాడు.

తాడు కొంచెం కదిలింది.

ఆగింది.

తర్వాత ఎవరో దాన్ని అందుకున్నట్టు... కిందికి సాగింది. అటూ ఇటూ ఊగింది. బిగిసింది. ఇక లాగమన్నట్టు రెండుసార్లు కుదిపి ఆగింది.

"లెగిసేడమ్మా" అన్నాడు ఢిల్లేశ్వరరావు. "లెగిసి కట్టుకున్నాడు. లాగు."

ఇద్దరూ లాగారు. గిలక కిర్రుమంది. అరచేతుల తోలు ఊడిపోతున్నా ఆపలేదు. పొగలోంచి మొదట జుట్టు వచ్చింది. తర్వాత వేలాడుతున్న తల. తర్వాత భుజాలు. తాడు చంకల కింద రెండు చుట్లు తిరిగి గట్టిగా పట్టి ఉంది.

ఇసక మీద పడుకోబెట్టి రొమ్ము మీద నొక్కాడు. నోట్లో ఊపిరి ఊదాడు. చిన్నారావు ఒకసారి ఎగిరిపడి, దగ్గి, పక్కకి తిరిగి కక్కుకున్నాడు.

ముడి విప్పే ఓపిక ఎవరికుంది? పొడుగు కొస కత్తితో కోసేసి, అలాగే ఎత్తి లారీలో వేసుకున్నారు. రత్నాలమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. పలాస దాకా ఢిల్లేశ్వరరావు కింది గేరుకి దిగలేదు.

ఆసుపత్రిలో వెంటనే ఆక్సిజన్ పెట్టారు. నురుగు తగిలిన చెయ్యి బొబ్బలెక్కింది, కడిగి కట్టు కట్టారు. బతుకుతాడన్నారు. ఢిల్లేశ్వరరావు గోడకి చేరబడి, తలుపు పక్కన బెంచీ మీద కూర్చున్న రత్నాలమ్మని చూశాడు.

"నువ్వు పట్టుకోకపోతే నానూ ఆడి పక్కనే ఉందునమ్మా."

ఆమె కొంగుతో అరచేతుల నెత్తురు తుడుచుకుంటోంది.

చిన్నారావు కళ్ళు తెరిచాడు. మాస్కు కాస్త పక్కకి జరుపుకున్నాడు. "బావ... మరీ అంత గట్టిగా కట్టీసేవేటి. సంకలు కోసుకుపోతన్నాయి."

"నానెక్కడ కట్టేనురా. నువ్వే కదా కట్టుకున్నావు."

చిన్నారావు కనురెప్పలు వాలిపోయాయి. "నాకు సెయ్యి లెగనేదు బావ."

ఢిల్లేశ్వరరావు వంగి ముడి కోసం వెతికాడు. రొమ్ము మీద లేదు. పక్కల్లో లేదు. తాడు చంకల కిందుగా రెండు చుట్లు తిరిగి వెనక్కి పోయింది. నర్సు హిమజ సాయం పట్టింది. ఇద్దరూ మనిషిని నెమ్మదిగా ఒత్తిగిలబెట్టారు.

ముడి వీపు మీద ఉంది.

సరిగ్గా రెండు రెక్కల ఎముకల నడుమ. చిన్నది, చదునుగా, తీరికగా వేసినట్టున్న ముడి. అక్కడికి తన చెయ్యి తనకి అందదు. ఎంత తెలివిలో ఉన్నవాడికైనా అందదు.

ఢిల్లేశ్వరరావు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"చాలా గట్టిగా ఉంది, కోసేద్దాం" అంటూ హిమజ కత్తెర తెచ్చింది.

"కొయ్యకమ్మా" అంది రత్నాలమ్మ. లేచి వచ్చింది. వేళ్ళతో తడిమి, రెండు కొసల్లో ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకుని, ఒక్కసారి పక్కకి లాగింది. అంత గట్టి ముడీ నీళ్ళలా జారి విడిపోయింది.

"భలే ఉందే. కొబ్బరిగెలలు దించడానికి కడతారు, అదేనా?" అంది హిమజ. "ఇంత బాగా ఎవరు కట్టారమ్మా?"

"మా ఇంటాయన" అంది రత్నాలమ్మ.

హిమజ కత్తెర ట్రేలో పెట్టేసింది. "అయితే ఆయన కూడా లోపలికి దిగారన్నమాట. ముందే చెప్పాలి కదమ్మా. గ్యాస్ పీల్చినవాళ్ళందరినీ డాక్టరుగారు చూడాలి. బయటే ఉంచేశారేటి ఆయన్ని?"

హిమజే వెళ్ళి తలుపు తెరిచింది. ఖాళీ వరండాలోకి చూస్తూ, "లోపలికి రండి, పర్లేదు" అని, ఒక మనిషి లోపలికి నడిచి వచ్చేంతసేపు తలుపు పట్టుకుని నిలబడింది.

రత్నాలమ్మ తాడు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. తర్వాత కాస్త పక్కకి జరిగింది.